ఇంట్లో సముద్రపు అక్వేరియం: ఫిల్టర్ ఎలా ఎంచుకోవాలి?

గోల్డ్‌ఫిష్ తొట్టిలో ఒక మూల స్పాంజ్ ఫిల్టర్ పెట్టి ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఉప్పునీటి ట్యాంక్‌లో ఆ ధీమా పనికిరాదు. సముద్రపు నీటి పీహెచ్ 8 దాటి ఉంటుంది. ఆ స్థాయిలో చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాలో విషపు వాటా పెరుగుతుంది. పైగా ఉప్పునీటిలో ఆక్సిజన్ మంచినీటిలో కంటే తక్కువే కరుగుతుంది. అందుకని షాపుకెళ్లి ముందు ఫిల్టర్ బిల్లు కట్టి, తర్వాత చేపల గురించి ఆలోచించొద్దు.

1. ఏ చేపలో ముందు తేల్చుకోండి

ఉదాహరణకు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంక్ తీసుకుందాం. దాదాపు 190 లీటర్లు. ఒక క్లౌన్‌ఫిష్ జంట, ఒకట్రెండు చిన్న గోబీలు ఉంటే ఫిల్టర్ మీద భారం తక్కువ. అదే లయన్‌ఫిష్ లాంటి మాంసాహారి అయితే ఒక్కటే ఉన్నా తిండి ఎక్కువ, చెత్త ఎక్కువ. ఆ లెక్కకు తగ్గ ఫిల్టర్ కావాలి.

పగడాల సంగతి వేరు. మన దేశంలో రీఫ్ కట్టే పగడాలకూ సీ ఫ్యాన్లకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్లను 'లైవ్ రాక్' పేరుతో ఎవరైనా అమ్మజూపితే తీసుకోకండి. కాబట్టి ఈ వ్యాసం చేపలు మాత్రమే ఉండే ట్యాంక్ గురించి.

2. అసలు ఫిల్టర్ రాళ్లే

డబ్బాలో వచ్చే యంత్రాల కంటే ముందు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. సన్న రంధ్రాలున్న పొడి రాయి, లేదా కృత్రిమంగా తయారుచేసిన సిరామిక్ రాయి 15 నుంచి 20 కిలోలు ఈ ట్యాంక్‌కు సరిపోతుంది. దాని మీద స్థిరపడే ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత విషం కాదు. చేపలున్న ట్యాంక్‌లో 20 పీపీఎం (లీటరుకు 20 మిల్లీగ్రాములు) లోపు ఉంటే చాలు, నీళ్లు మారుస్తూ దాన్ని అదుపులో పెట్టొచ్చు.

రాళ్లను వెనక గోడకు ఆనించి గుట్టగా పేర్చకండి. సందుల్లోంచి నీళ్లు తిరగాలి, లేకపోతే ఆ సందుల్లోనే చెత్త పేరుకుంటుంది.

3. స్కిమ్మర్ దగ్గర పిసినారితనం వద్దు

ప్రొటీన్ స్కిమ్మర్ చేసే పని పప్పు ఉడికేటప్పుడు పైకి తేలే నురుగును గరిటెతో తీసేయడం లాంటిదే. అతి సన్నని గాలి బుడగలకు నీటిలోని జిడ్డు, ప్రొటీన్లు అంటుకుని పైనున్న కప్పులోకి గోధుమరంగు నురుగుగా చేరతాయి. మిగతా ఫిల్టర్లు చెత్తను పట్టుకుని నీటిలోనే ఉంచుతాయి, ఇది మాత్రం కుళ్లకముందే బయటికి తీసేస్తుంది. ఉప్పునీటిలో బుడగలు సన్నగా ఏర్పడి, ఒకదాంతో ఒకటి కలిసిపోకుండా నిలుస్తాయి కాబట్టే ఇది సాధ్యం. మంచినీటి తొట్టిలో ఇది పెద్దగా పనిచేయదు.

ఇంకో లాభం, నీటిలోకి గాలి బాగా ఎక్కుతుంది. విజయవాడ మే నెలలో నీరు వేడెక్కి ఆక్సిజన్ తగ్గే వేళ ఇది చిన్న విషయం కాదు.

డబ్బా మీద రాసిన లీటర్లను చూసి మోసపోవద్దు. అది సాధారణంగా చేపలు తక్కువున్న ట్యాంక్‌కు వేసిన లెక్క. 190 లీటర్లకు 300, 400 లీటర్ల స్కిమ్మర్ చూసుకోండి. కొత్తది మొదటి వారం, పది రోజులు పిచ్చిగా నురుగు పొంగించవచ్చు, అసలు తీయకపోవచ్చు కూడా. టెన్షన్ పడి రోజూ స్క్రూలు తిప్పకండి, అదే సర్దుకుంటుంది.

4. సంపా, వెనక తగిలించేదా?

స్టాండ్ కింద చోటుంటే సంపే మేలు, అంటే ట్యాంక్ కింద పెట్టే రెండో తొట్టి. పై ట్యాంక్ నీరు పైపులోంచి కింది తొట్టిలోకి దిగుతుంది, అక్కడ స్కిమ్మర్, హీటర్ దాటి మోటారుతో మళ్లీ పైకి వెళ్తుంది. మొత్తం నీటి పరిమాణం పెరుగుతుంది, సామానంతా కంటికి కనబడకుండా పోతుంది. గంటకు ట్యాంక్ నీరు మూడు నుంచి ఐదు సార్లు సంప్‌లోకి వెళ్లి వస్తే చాలు. అయితే నాలుగడుగుల ఎత్తుకు నీరు ఎక్కించేటప్పుడు మోటారు బలం బాగా తగ్గుతుంది. గంటకు 800 లీటర్లు కావాలంటే 1,500 లీటర్ల మోటారు కొనాల్సి వస్తుంది.

మన ఊళ్లలో దీనికి అసలు పరీక్ష కరెంటు కోతే. మోటారు ఆగగానే పై నీరు కిందికి జారుతుంది. మనం అనుకున్న ట్యాంక్‌లో ఒక్క అంగుళం నీరు దిగినా దాదాపు 10 లీటర్లు. పైపులు ఇంకొంచెం లాగుతాయి. సంప్‌లో అంత ఖాళీ లేకపోతే ఉప్పునీళ్లు హాలు నిండా పారతాయి. చేపలు వేయకముందే నీళ్లు నింపి, మోటారు నడిపించి, మెయిన్ స్విచ్ ఆపి చూడండి. సంప్ పొంగకపోతే, మోటారు నడుస్తున్నప్పుడు సంప్‌లో నీరు ఎంతవరకు ఉందో అక్కడ టేపుతో గీత పెట్టుకోండి, దాన్ని దాటి ఎప్పుడూ నింపకూడదు.

స్టాండ్ కింద చోటు లేకపోతే, లేదా అద్దె ఇల్లయితే, ట్యాంక్ వెనక తగిలించే స్కిమ్మర్ చాలు. ట్యాంక్ లోపల నీరు కదిలించడానికి ఒక వేవ్‌మేకర్ విడిగా ఉండాలి.

5. మిగతావి

క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంక్ బయట పెట్టే మూత డబ్బా ఫిల్టర్) ఇప్పటికే మీ దగ్గరుంటే వాడుకోండి, కానీ వారం, పది రోజులకోసారి స్పాంజ్ కడగాలి. నెలల తరబడి వదిలేస్తే లోపలి చెత్త కుళ్లి నైట్రేట్ పెంచుతుంది. సంప్‌లో చెత్త పట్టడానికి వాడే గుడ్డ సంచులు, అంటే ఫిల్టర్ సాక్స్‌కూ అదే నియమం, ఇంకా తరచుగా. యాక్టివేటెడ్ కార్బన్ నీటి పసుపు రంగునీ వాసననీ తీస్తుంది, నెలకోసారి మార్చాలి. యూవీ లైటు మొదటిరోజే అవసరం లేదు, ఆ డబ్బు నీటికి పెట్టండి.

ఎందుకంటే బోరు నీళ్లు పోసిన ట్యాంక్‌ను ఏ ఫిల్టరూ కాపాడదు. ఆర్ఓ తర్వాత డీఐ (మిగిలిన లవణాలనూ తీసేసే ఫిల్టర్) కూడా దాటి టీడీఎస్ సున్నా దగ్గరకొచ్చిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల మెరైన్ సాల్ట్ (సముద్రపు అక్వేరియాల కోసమే తయారుచేసిన ఉప్పు మిశ్రమం) కలపాలి. విశాఖ బీచ్ నుంచి డబ్బాలతో నీళ్లు తేవాలని చాలామందికి అనిపిస్తుంది. ఒడ్డు దగ్గర మురుగు కలుస్తుంది, వానాకాలం తర్వాత నదుల నీటితో బంగాళాఖాతంలో ఉప్పు శాతమూ పడిపోతుంది. రోజూ ఆవిరైపోయే నీటికి బదులు మాత్రం ఉప్పు కలపని నీరే పోయాలి. నీరు ఆవిరైనా ఉప్పు ట్యాంక్‌లోనే ఉండిపోతుంది మరి.

6. చేపలకంటే ముందు అమ్మోనియా

అన్నీ అమర్చాక 2 పీపీఎం వచ్చేలా అమ్మోనియా వేసి టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండండి. మొదట అమ్మోనియా దిగుతుంది, నైట్రైట్ ఎక్కుతుంది, తర్వాత అదీ దిగుతుంది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మళ్లీ అంతే అమ్మోనియా వేసిన 24 గంటల్లో రెండూ సున్నాకు వస్తే రాళ్లు సిద్ధమైనట్టు. అప్పుడు కొంత నీరు మార్చి, హ్యాచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్ జంటను మాత్రం తెచ్చుకోండి. మిగతావాటిని తర్వాత, కొద్దికొద్దిగా.