వాల్‌ఐ చేపల గాలం మీద ఎర తిరగకపోతే

వాల్‌ఐ అనే మంచినీటి చేప కోసం నడిచే బోటు వెనక ఈడ్చే వంపు గాలం స్లో డెత్. దానికి ఆ వంపు పెట్టిందే ఎరగా గుచ్చిన వానపామును నీళ్లలో గిరగిరా తిప్పడానికి. అది తిరగకుండా ఊరికే ఈడ్చుకొస్తుంటే ముందు ఎర ఎక్కించిన తీరు చూడండి. తలవైపు నుంచి గాలం కొన గుచ్చి, పామును కాడ మీదుగా జరుపుతూ గాలం కన్ను (దారం కట్టే రంధ్రం) దాటించి దారం మీదికి ఎక్కించాలి. కొన వెనక అంగుళం తోక వేలాడితే చాలు, మిగతాది గిల్లేయండి. తోక పొడవైతే తిరుగుడు మందగిస్తుంది, చేప కొస కొరుక్కుని పోతుంది. పాము కిందికి జారి ముద్దయినా అంతే, వంపు పనిచేయదు.

బోటు పక్కనే నీళ్లలో వేసి, తిరుగుతోందని చూశాకే కిందికి దించండి. వేగం గంటకు మైలుకు అటూ ఇటూ.

దారం మెలిపడుతుంటే బాటమ్ బౌన్సర్‌కూ (నీటి అడుగును తాకుతూ పోయే బరువు) లీడర్‌కూ (గాలానికి కట్టే చివరి దారం) మధ్య బాల్ బేరింగ్ స్వివెల్ (మెలి పడకుండా తిరిగే లింకు) కట్టండి. మామూలుది తొందరగా బిగుసుకుంటుంది. లీడర్‌కు 10 పౌండ్ల లాగుడు తట్టుకునే ఫ్లోరోకార్బన్ దారం 4 అడుగులు సరిపోతుంది. అమెరికా, కెనడా సరిహద్దులోని ఈరీ సరస్సులో జీబ్రా ఆల్చిప్పలు దాన్ని గీస్తాయి, గరుకు తగిలిన చోట కోసి మళ్లీ ముడి వేయాలి.