వానలు మొదలయ్యాక డ్రైవర్ తీసే ముందు

పోయిన జులైలో ఓ ఆదివారం పొద్దున, సన్నగా తుంపర పడుతుండగా, గోల్ఫ్ మైదానంలో నా డ్రైవర్, అంటే దూరం కొట్టడానికి వాడే పెద్ద క్లబ్ (గోల్ఫ్ కర్ర), బంతికన్నా దూరం వెళ్లింది. ఒట్టు. గ్లవ్ నానిపోయింది, గ్రిప్ జారుతోంది, నేను మాత్రం మే నెలలో ఊపినట్టే ఊపాను. బంతి పదిహేను గజాలు దొర్లి ఆగింది. క్లబ్ గిర్రున తిరుగుతూ ముందున్న వేపచెట్టు దాకా పోయింది. అక్కడ మనుషులెవరూ లేరు కాబట్టి ఇప్పుడు నవ్వుతూ రాయగలుగుతున్నా. కేడీ (బ్యాగు మోసే సహాయకుడు) వెళ్లి తెచ్చి, మట్టి తుడిచి, డ్రైవర్‌ని బ్యాగులో పెట్టేసి హైబ్రిడ్ (డ్రైవర్ కన్నా పొట్టిగా, కొట్టడానికి సులువుగా ఉండే క్లబ్) చేతికిచ్చాడు. "ఇయ్యాల దీంతోనే కొట్టుండ్రి సార్" అన్నాడు, అంతే.

గోల్కొండ కోట గోడల మధ్య ఆడినా, గచ్చిబౌలి బండరాళ్ల మధ్య ఆడినా జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇదే తంతు. విశాఖ వాళ్లకైతే తుపాన్ల పుణ్యమా అని నవంబరు దాకా సాగుతుంది. కాబట్టి వానలు ముదరకముందే కొన్ని పనులు చేసిపెట్టుకోవాలి.

మొదటిది, మీ క్యారీ ఎంతో తెలుసుకోవడం. అంటే బంతి గాల్లో వెళ్లే దూరం. ఎండాకాలంలో నేల గట్టిపడి బంతి కిందపడ్డాక కూడా పాతిక, ముప్పై గజాలు దొర్లుతుంది. దాన్ని కూడా మన భుజబలం ఖాతాలోనే రాసుకుంటాం! వాన పడ్డాక ఆ దొర్లుడు ఉండదు, పడ్డచోటే కూరుకుపోతుంది. రేంజ్‌లో (ప్రాక్టీసు చేసే చోట) ఒక్కో క్లబ్‌తో పది బంతులు కొట్టండి. బాగా తగిలిన రెండు, చెత్తగా తగిలిన రెండు వదిలేసి మిగతా ఆరింటి సగటు ఫోన్‌లో రాసుకోండి. ఎదురుగా నీళ్లు దాటడానికి 160 గజాలు కావాలి, మీ హైబ్రిడ్ సగటు 165 అనుకోండి. ఆ ఐదు గజాల ధైర్యం తడిసిన బట్టల్లో చాలదు. ఇంకా దూరం కొట్టే పై క్లబ్ తీయండి, లేదా పక్కకు కొట్టండి.

ఇక ఏ క్లబ్ అన్నది. డ్రైవర్ వద్దనుకున్న ప్రతివాడూ 3 వుడ్ (డ్రైవర్ తర్వాత దూరం కొట్టే క్లబ్) తీస్తాడు, అదేదో సేఫ్ అన్నట్టు. నాకు ఆ నమ్మకం లేదు. 3 వుడ్ తల చిన్నది, లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం) 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. మధ్యలో తగలకపోతే బాగా శిక్షిస్తుంది. డ్రైవర్ తల 460 సీసీ దాకా ఉంటుంది, పక్కకి తగిలినా కొంత కాపాడుతుంది. మనలాంటి నెమ్మది స్వింగ్ వాళ్లకి 9 డిగ్రీల డ్రైవర్ కన్నా 12 డిగ్రీలది మేలు. లాఫ్ట్ ఎక్కువైతే బంతి గాల్లో ఎక్కువసేపు ఉంటుంది, స్లైస్ వంపు (బంతి కుడివైపుకి వంగిపోవడం) కూడా తగ్గుతుంది. అందుకే డ్రైవర్‌తో కుదరని రోజు నేను నేరుగా లాఫ్ట్ ఎక్కువున్న 5 వుడ్‌కో, హైబ్రిడ్‌కో దిగిపోతా. కుడివైపు హద్దు చూపే తెల్ల కర్రలు కనిపిస్తున్నాయా, మీ స్లైస్ సంగతి మీకు తెలుసా, అయితే టీయింగ్ ఏరియాలో (మొదటి దెబ్బ కొట్టే చోట) కుడి చివర టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) పెట్టి ఎడమవైపు గురి చూడండి. ఎడమచేతివాళ్లు తిప్పి చదువుకోవాలి.

టీ దగ్గర నిలబడేటప్పుడు ముందు కాళ్లు చూసుకోండి. బంతి మాత్రమే టీయింగ్ ఏరియా లోపల ఉండాలి, కాళ్లు బయట ఉన్నా తప్పు లేదు. ముందు హద్దు చూపే మార్కర్ల నుంచి రెండు క్లబ్బుల పొడవు వెనక్కి కూడా వెళ్లొచ్చు. ఈ సంగతి తెలియక ఎంతమంది బురదలో నిలబడి జారిపడ్డారో! టీ చుట్టూ నిలిచిన నీళ్లు తుడుచుకోవడానికీ రూల్స్ ఒప్పుకుంటాయి. మెత్తటి నేలలో టీ నెమ్మదిగా దిగబడుతుంది కాబట్టి, కొట్టే ముందు ఇంకోసారి చూడండి: డ్రైవర్ నేలకు ఆనించినప్పుడు సగం బంతి దాని పైఅంచుకు పైన కనపడాలి. బంతి ఎడమ మడమకు ఎదురుగా. స్వింగ్ ఎనభై శాతం. బ్యాగులో రెండో గ్లవ్, ప్లాస్టిక్ కవర్లో పొడి తువ్వాలు తప్పనిసరి.

బంతి పొదల్లోకి పోతే వెతకడానికి మూడే నిమిషాలు, 2019 నుంచి. అందుకే మొదటిది దొరక్కపోతే పనికొచ్చేలా, టీ వదలక ముందే "ప్రొవిజనల్ కొడుతున్నా" అని ఆ మాటే పైకి చెప్పి రెండోది కొట్టండి. పొదల్లో చెయ్యి పెట్టొద్దు, క్లబ్‌తోనే కదపండి. వానాకాలం పాములు బయట తిరిగే కాలం.

పిడుగుల సంగతి మాత్రం సరదా కాదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్లు లేకపోతే ఆట ఆపేయండి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. చెట్టు కింద నిలబడొద్దు, గొడుగు పట్టుకుని మైదానం మధ్యలో నడవొద్దు. పుణె ఐఐటీఎం (వాతావరణ పరిశోధన సంస్థ) వాళ్లు పిడుగుల హెచ్చరికల కోసం చేసిన దామిని యాప్ ముందే ఫోన్‌లో పెట్టుకోండి. పోటీ మధ్యలో సైరన్ మోగితే "ఈ ఒక్క పట్ కొట్టి వస్తా" (పట్ అంటే బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బ) అనేవాడు ప్రతి నలుగురిలో ఒకడు ఉంటాడు. బంతి ఉన్నచోట గుర్తు పెట్టి, దాన్ని జేబులో వేసుకున్నా పెనాల్టీ లేదని వాడికి చెప్పి, రెక్క పట్టుకుని లోపలికి తీసుకురండి.