పండగలతో జపనీస్ – 6వ పాఠం: మన ‘లో’కి అక్కడ రెండు మాటలు

ముందు పోయిన పాఠం సంగతి. 24వ తేదీని ‘నిజూయొన్‌నిచి’ అని రాసినవాళ్లు దిద్దుకోండి, అది ‘నిజూయొక్క’.

ఈసారి క్యోటోలోని యసాకా గుడి ఉత్సవం, గియోన్ మత్సురి. జులై నెలంతా సాగుతుంది. 869లో అంటురోగం ప్రబలినప్పుడు, దేశంలోని 66 ప్రాంతాలకు గుర్తుగా 66 ఈటెలు నిలబెట్టి దేవుణ్ణి వేడుకున్నారట. ఈటెను ‘హొకొ’ అంటారు. ఇప్పుడు ఆ పేరు పెద్ద రథాలది. జులై 17న 23, 24న 11 బండ్లు ఊరేగుతాయి. పెద్దవి 12 టన్నుల దాకా తూగుతాయి. వాటి చక్రాలు పక్కకు తిరగవు. అందుకే మలుపులో చక్రాల కింద వెదురు బద్దలు పరిచి, నీళ్లు చల్లి, తాళ్లతో రథాన్ని పక్కకు జార్చి తిప్పుతారు.

ఇక పాఠం. ‘క్యోటోలో గుడి ఉంది’, ‘క్యోటోలో ఉత్సవం ఉంది’. మనకు రెండింట్లోనూ అదే ‘లో’, అదే ‘ఉంది’. జపనీస్‌లో చూడండి:

క్యోతొ ని జింజ గ అరిమస్. (గుడి)
క్యోతొ దె మత్సురి గ అరిమస్. (ఉత్సవం)

వస్తువో కట్టడమో ఉంటే ‘ని’, ఏదైనా జరిగేదుంటే ‘దె’. అనుమానం వస్తే ‘ఉంది’ తీసేసి ‘జరుగుతుంది’ పెట్టండి. ‘గుడి జరుగుతుంది’ అని ఎవరూ అనరు కదా! నేను చాలాకాలం అన్నిటికీ ‘ని’ వాడేశాను. ఎలాగూ అర్థమవుతోంది కాబట్టి ఎవరూ దిద్దలేదు.

తికమక పెట్టేది షిజో వీధి. అక్కడ రథం నిలబడి ఉంటే ‘షిజోదోరి ని హొకొ గ అరిమస్’. ఊరేగింపు ఉంటే ‘షిజోదోరి దె జుంకో గ అరిమస్’. వీధి అదే, మాట మారింది.

తేదీకి మాత్రం టెన్షన్ లేదు. మన ‘17న’లోని ‘న’ స్థానంలో ‘ని’ పెడితే చాలు:

షిచిగత్సు జూషిచినిచి ని క్యోతొ దె మత్సురి గ అరిమస్.

జులై 17న క్యోటోలో ఉత్సవం ఉంది. మాటల వరస కూడా మనదే, ఇంగ్లీషు మీదుగా వెళ్లకండి.

అభ్యాసం: మే 15న క్యోటోలో అఒఇ మత్సురి ఉంది (మే – గొగత్సు, 15 – జూగొనిచి). రథంలో తివాచీ ఉంది (తివాచీ – జూతన్, ఈ రథాల పాత తివాచీల్లో మన దక్కన్‌లో నేసినవీ ఉన్నాయని పరిశోధకులు గుర్తించారు). గుడిలో పెళ్లి ఉంది (పెళ్లి – కెక్కొన్‌షికి).

మూడోదానికి తొందరపడకండి. జవాబులు 7వ పాఠంలో.