లారీ బండి మీద తిరిగేవాళ్లు దూరవిద్య కోర్సులో చేరే ముందు: జాగ్రత్తలు

"ఇంటి దగ్గరే ఉండి చదువుకోవచ్చన్నా" అనగానే ఫీజు కట్టేయకండి. నేను కట్టాను. నాలుగు నెలల తర్వాత ఫోన్ వచ్చింది: సోమవారం నుంచి ఆరు రోజులు ప్రాక్టికల్స్, రాకపోతే మార్కుల్లేవు. అప్పుడు చీమకుర్తి గ్రానైట్ లోడుతో కావలి దాటుతున్నాను. బండి వదిలి ఎక్కడికి పోతాను?

అందుకే మొదట అడగాల్సింది ప్రాక్టికల్స్ సంగతి. ఎన్ని రోజులు, ఏ ఊళ్లో, ఒక విడత తప్పితే మళ్లీ ఎప్పుడు? నోటిమాట చాలదు, కాగితం మీద రాయించుకోండి. వెల్డింగ్, ఏసీ రిపేరు లాంటివి వీడియో చూస్తే చేతికి రావు. అసలు ప్రాక్టికల్సే లేవన్నారంటే నాకైతే అనుమానమే.

గుర్తింపు చూడండి. డిగ్రీ అయితే యూజీసీ (యూనివర్సిటీల సంగతి చూసే కేంద్ర సంస్థ) వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరుందో లేదో వెతకండి. దూరవిద్యలో ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ డిగ్రీలకు యూజీసీ ఒప్పుకోదు. ఇప్పిస్తామన్న ఏజెంటుకు దండం పెట్టి వచ్చేయండి.

పది పాస్ కాకపోతే ముందు అది. ఎన్‌ఐఓఎస్‌లో (కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్) పబ్లిక్ పరీక్షలు ఏటా రెండుసార్లు, ఏప్రిల్-మేలోనూ అక్టోబరు-నవంబరులోనూ. ఒకసారి చేరితే 5 ఏళ్లు గడువుంటుంది, సబ్జెక్టులు విడివిడిగా రాసుకోవచ్చు. మనలాంటి వాళ్లకు సరిపోయేది ఇదే.

పరీక్ష తేదీలు తెలియగానే ఓనరుకు చెప్పండి. ఆధార్‌లో, సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకేలా ఉందో చూసుకోండి. పాఠాలు ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి, దారిలో సిగ్నల్‌ను నమ్మొద్దు. స్టీరింగ్ పట్టుకుని మాత్రం పాఠం వినొద్దు. టీ కొట్టు దగ్గర ఆపినప్పుడు చాలు.