బ్యాక్ నొక్కగానే పేజీ రావాలంటే

సైట్ కట్టాక అందరం మొదటి పేజీ ఎంతసేపట్లో తెరుచుకుంటుందో చూసుకుని సంబరపడతాం. జనం విసుక్కుని వెళ్లిపోయేది మాత్రం చాలాసార్లు బ్యాక్ బటన్ దగ్గర.

మా బాబాయి చీరల షాపుకి సైట్ నేనే చేసిపెట్టా. మొదటి పేజీ గూగుల్ మంచి వేగమని చెప్పే 2.5 సెకన్ల లోపే వచ్చేది. ఓసారి మా మేనత్త ఫోన్లో చూస్తుంటే పక్కనే కూర్చున్నా. నలభయ్యో చీర దాకా జరుపుకుంటూ వెళ్లి, ఒకటి నొక్కింది, అంచు నచ్చలేదు, బ్యాక్ కొట్టింది. తెల్ల స్క్రీన్, గిరగిరా తిరిగే చక్రం, తీరా చూస్తే లిస్టు మళ్లీ మొదటి చీర నుంచి. రెండోసారీ అంతే అయ్యేసరికి "ఫొటోలు వాట్సాప్‌లో పెట్టరా" అని ఫోన్ పక్కన పడేసింది.

బ్రౌజర్లు ఈ పని ఎప్పుడో నేర్చుకున్నాయి. బీఎఫ్‌క్యాష్ అంటారు, వదిలి వెళ్లిన పేజీని ఉన్నదున్నట్టు మెమరీలో దాచి, వెనక్కి రాగానే తీసి ముందు పెడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో 2005 నుంచే ఉంది, డెస్క్‌టాప్ క్రోమ్‌కి 2021లో వచ్చింది. అడ్డుపడేది మన కోడే.

క్రోమ్‌లో సైట్ తెరిచి ఎఫ్12 నొక్కండి. అప్లికేషన్ ట్యాబ్‌లో ఎడమవైపు బ్యాక్/ఫార్వర్డ్ క్యాష్ అని ఉంటుంది, అక్కడ టెస్ట్ బటన్ నొక్కితే పేజీని దాచగలిగిందో లేదో, లేకపోతే ఎందుకో రాసి చూపిస్తుంది. నాకు రెండు తగిలాయి. ఎప్పుడో ఎక్కడినుంచో కాపీ కొట్టిన విజిటర్ కౌంటర్ స్క్రిప్టులో అన్‌లోడ్ ఈవెంట్ (పేజీ వదిలి వెళ్లేటప్పుడు కోడ్ నడిపించేది) ఉంది, పేజీని దాచడానికి అదే అడ్డు, దాని బదులు అడ్డురాని పేజ్‌హైడ్ పెట్టా. రెండోది, అన్ని పేజీలకీ గుడ్డిగా నో-స్టోర్ హెడర్, అంటే ఈ పేజీని దాచిపెట్టొద్దని బ్రౌజర్‌కి చెప్పే సూచన, పెట్టేశా. పేమెంటు, అకౌంటు పేజీలకి ఉంచండి, చీరల లిస్టులో దాచాల్సిన రహస్యం ఏముంటుంది?

ఒక్క జాగ్రత్త. దాచిన పేజీ పాతది కాబట్టి కార్ట్‌లో సంఖ్య కూడా పాతదే కనిపిస్తుంది. పేజీ కనబడగానే వచ్చే పేజ్‌షో ఈవెంట్‌లో పర్సిస్టెడ్ అనేది ట్రూ అయితే, అంటే దాచిన పేజీయే తిరిగొస్తే, ఆ సంఖ్య వరకే మళ్లీ తెచ్చుకోండి, పేజీ మొత్తం రీలోడ్ చేశారంటే పడ్డ కష్టమంతా వృథా.

రియాక్ట్ లాంటి కోడ్ లైబ్రరీలతో సైట్ అంతా ఒకే పేజీగా కట్టినవాళ్లకి లోపల తిరిగేటప్పుడు బీఎఫ్‌క్యాష్ పనికిరాదు, లిస్టునీ, ఎక్కడిదాకా జరిపారో ఆ చోటునీ మీరే గుర్తుపెట్టించాలి.

సరిచేశాక మళ్లీ అత్త చేతికే ఇచ్చా. ముప్పావుగంట చూసి, ఫొటోల్లో రంగులు సరిగ్గా రాలేదని తిట్టింది.