ఎంజీబీ జంట కార్బురేటర్లు ట్యూన్ చేసే ముందు జాగ్రత్తలు

ఎంజీబీ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు; పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించేవే ఈ జంట కార్బురేటర్లు. విజయనగరం ఎండ ముదరకముందే, పొద్దున్నే మొదలుపెట్టండి. వాల్వుల సందు (వాల్వు కాడకు, దాన్ని నొక్కే రాకర్‌కు మధ్య ఖాళీ) ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కొలవాలి: 0.015 అంగుళం. పాయింట్లు (స్పార్కు కోసం కరెంటు తెగ్గొట్టే కొసలు), ప్లగ్గులు, టైమింగ్ (స్పార్కు పడే సమయం) సరిచేశాకే కార్బురేటర్ జోలికి వెళ్లాలి. ఈ వరుస తప్పితే రోజంతా స్క్రూలు తిప్పినా బండి దారికి రాదు.

షెడ్డు షట్టర్ పూర్తిగా ఎత్తండి. బండిని ఆరుబయట నిలిపితే ఇంకా మేలు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తల తిరిగేసరికే ఆలస్యమవుతుంది.

పెట్రోలు గొట్టాలను వేళ్లతో వంచి చూడండి. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుకు పాత రబ్బరు త్వరగా చెడుతుంది. పగుళ్లు కనిపిస్తే ఆ రోజు ట్యూనింగ్ వద్దు, ముందు గొట్టం మార్చండి. పొడి రకం అగ్నిమాపక సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోయకూడదు.

గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు ఇటుకలు.

భుజం మీద తువ్వాలు, మెడలో గొలుసు తీసేయండి. ఫ్యాన్ అక్కడే తిరుగుతుంటుంది.

1967కు ముందు వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ ప్లస్ కొసే బాడీకి కలిసి ఉంటుంది. టైమింగ్ లైటు (స్పార్కు సమయం చూసే లైటు) తగిలించే ముందు చూసుకోండి.

ఎస్‌యూ (ఈ కార్బురేటర్ల బ్రాండు) కార్బురేటర్ విప్పాల్సి వస్తే, దాని లోపలి ఏ పిస్టన్ ఏ మూతదో గుర్తు పెట్టండి. అవి జతలుగా అమరినవి, మారితే పిస్టన్ పట్టేస్తుంది. పిస్టన్ కింది సూది వంగకుండా పడుకోబెట్టండి. డ్యాష్‌పాట్‌లో (పిస్టన్ కదలికను నెమ్మదింపజేసే నూనె గదిలో) 20 గ్రేడ్ నూనె చాలు. జెట్ నట్టు (పెట్రోలు పాళ్లు మార్చేది) తిప్పే ముందు ఇప్పుడున్న స్థానం కాగితం మీద రాసుకోండి.