సరదా పోటీకి పాతకాలపు ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కును ఊహించి గీయడం ఎలా?

స్నేహితులంతా కలిసి పెట్టుకునే పోటీ ఇది. ఎవరికి వాళ్లు ఒక లేని కంపెనీని పుట్టించి, ఎప్పుడో అరవైల్లో రోడ్డు మీదికి రావాల్సి ఉండీ రాని ఒక మొరటు ట్రక్కును గీసి తెస్తారు. ఇలాంటి పోటీల్లో చాలాసార్లు పాల్గొన్నాను, కొన్నిసార్లు జడ్జిగానూ కూర్చున్నాను. ప్రతిసారీ అదే తంతు. పది బొమ్మలొస్తే ఏడెనిమిదింట్లో స్టీరింగ్ తిప్పిన మరుక్షణం టైరు డ్రైవర్ కాలి మీదికి వస్తుంది. "బొమ్మే కదండీ" అంటారు. బొమ్మే. కానీ లేని బండిని ఉందని నమ్మించడమే కదా మనం పెట్టుకున్న పోటీ!

కావాల్సినవి

ఏ3 గ్రాఫ్ కాగితాలు, పెన్సిల్, స్కేలు, కోణమానిని, కాస్త మందపాటి అట్ట, గుండుసూదులు. అంతే. కంప్యూటర్ చివర్లో రంగులు వేయడానికే. మొదటి గీత స్క్రీన్ మీద గీస్తే బండి పాడైనట్టే. ఎంత దగ్గరికైనా జూమ్ చేసుకోవచ్చు కాబట్టి అక్కడ మనకు కొలత మీద భయం ఉండదు. 1:10 స్కేలులో గీయండి. కాగితం మీద 1 మిల్లీమీటరు అంటే బండి మీద 10. లెక్కకు తడుముకోనక్కర్లేదు, నాలుగు మీటర్ల బండి ఏ3లో సరిపోతుంది.

ఏడాది, పని

"రెట్రో" అనేది ఏడాది కాదు. కాగితం పైన ఒక సంవత్సరం రాయండి, ఇక దాన్ని మార్చకండి. బండి ఆకారం చాలావరకు ఆ ఏడాది చేతిలోనే ఉంటుంది. 1948లో వచ్చిన మొదటి ల్యాండ్ రోవర్‌నే చూడండి. యుద్ధం తర్వాత ఉక్కుకు కరువు, అందుకే పై రేకంతా అల్యూమినియం మిశ్రమం. ఖరీదైన అచ్చులు లేకుండానే వంచగలిగేలా రేకులు బల్లపరుపుగా ఉంచారు. మనం ఇవాళ ముచ్చటపడే ఆ ముఖం అలా లేమిలోంచి పుట్టిందే. 1977 నాటి లాడా నీవాకు వచ్చేసరికి విడిగా ఛాసిస్సే (బండి కింది ఇనప చట్రం) లేదు, బాడీయే ఛాసిస్. మధ్యలో 1970లో రేంజ్ రోవర్ నాలుగు చక్రాలకూ కాయిల్ స్ప్రింగులతో వచ్చింది. వీటిలో తలా ఒక ముక్క కోసి అతికిస్తే అది ఏ కాలానికీ చెందదు.

దీపాల దగ్గర కూడా చాలామంది దొరికిపోతారు. అమెరికాలో 1940 నుంచి సీల్డ్ బీమ్ దీపాలు (బల్బు, అద్దం అన్నీ కలిపి ఒకే ముక్కగా మూసేసినవి) తప్పనిసరి చేశారు, అప్పట్లో అవి గుండ్రంగానే ఉండాలి. నలుచదరపు దీపాలకు అనుమతి డెబ్బైల మధ్యలో గానీ రాలేదు. మీ బండి 1967లో అమెరికాలో అమ్మింది అని రాసి చదరపు దీపాలు పెడితే నేను మార్కులు కోస్తాను.

ఇక పని. కొండల్లో సర్వే బృందానికా, పొలానికా, పశువుల డాక్టరుకా? ఒక్కటే ఎంచుకోండి. నేను ఈ వ్యాసం కోసం 1967, సర్వే బృందం, రెండు సీట్ల చిన్న పికప్ అనుకుంటున్నాను.

మొదటి గీత టైరుదే

నేల గీత గీసి, దాని మీద ముందు టైరు గీయండి. బానెట్ కాదు, గ్రిల్ అసలే కాదు. ఆ కాలపు 7.50-16 టైరు తీసుకోండి. ఎత్తు సుమారు 810 మి.మీ., వెడల్పు 200 మి.మీ. అనుకుంటే చాలు. ఇంత సన్నగానా అంటారేమో, అప్పటి టైర్లు అంతే. ఇవాళ్టి లావాటి టైర్లు తగిలించి పాత బండి అనడం పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఉంటుంది.

ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు దూరం, అంటే వీల్‌బేస్, పొట్టి బండికి మూడు టైర్ల పొడవు. విల్లీస్ జీపుకు 80 అంగుళాలు, మొదటి ల్యాండ్ రోవర్‌కూ 80 అంగుళాలే (దాని నమూనా బండిని కట్టిందే జీపు ఛాసిస్ మీద). టయోటా ఎఫ్‌జే40కి 2285 మి.మీ. వాటి టైర్లతో భాగిస్తే అటూ ఇటూగా మూడే వస్తుంది. మనది 2400 పెట్టుకుందాం. పొడుగ్గా ఉంటే దర్జాగా ఉంటుందని 3000కు లాగకండి. పొట్ట కింద 210 మి.మీ. ఖాళీ ఉంటే, 2400 బండి దాదాపు 20 డిగ్రీల మిట్టను పొట్ట తగలకుండా దాటుతుంది. 3000 అయితే అది 16కు పడిపోతుంది.

అసలు చిక్కు: ముందు చక్రం తిరగాలి, ఎగరాలి

ఇక్కడ తొందరపడొద్దు. మిగతా పనంతా ఒక సాయంత్రం, ఇది ఒక్కటే ఒక సాయంత్రం.

ముందు పైనుంచి చూసిన బొమ్మ, అంటే ప్లాన్ గీయండి. మధ్యగీత, దానికి అడ్డంగా ముందు ఇరుసు. ఎడమ టైరు నడుమ నుంచి కుడి టైరు నడుమకు 1400 మి.మీ., కాగితం మీద 140. అట్టతో 81 పొడవు, 20 వెడల్పు ముక్కలు రెండు కోయండి. ఇవి పైనుంచి కనిపించే టైర్లు. వాటిని గుండుసూదితో ఇరుసు మీద గుచ్చాలి.

ఎక్కడ గుచ్చుతారన్న దాని మీదే అంతా ఉంది. అందరూ అట్టముక్క నట్టనడుమ గుచ్చుతారు. 30 డిగ్రీలు తిప్పి చూస్తారు. టైరు ముందుకూ వెనక్కూ జరిగినట్టే కనపడదు, అంతా బాగుందనుకుంటారు. లెక్క కూడా అదే చెబుతుంది. నడుమ గుచ్చితే ఇరుసు నుంచి టైరు ముందు కొసకు తిన్నగా ఉన్నప్పుడు 405 మి.మీ., తిప్పినప్పుడు 401. కానీ చక్రం తన నడుమ చుట్టూ తిరగదు. అది తిరిగే కింగ్‌పిన్ అనే నిలువు కడ్డీ చక్రానికి లోపలి వైపున ఉంటుంది. అందుకని సూదిని అట్టముక్క లోపలి పొడవాటి అంచు మధ్యలో గుచ్చండి. కాగితం మీద మధ్యగీత నుంచి 60 మి.మీ. దగ్గర పడుతుంది. అచ్చం ఏ బండి కొలతా ఇదే కాకపోయినా మన పోటీకి ఇది చాలు.

ఇప్పుడు తిప్పండి. 10, 20, 30 డిగ్రీల దగ్గర ఆగి ప్రతిసారీ చుట్టూ పెన్సిల్ గీత వేయండి. ఒకవైపే తిప్పి వదిలేయకండి. ఎడమకు తిప్పినప్పుడు కుడి చక్రం ముందుకు పోతే ఎడమ చక్రం వెనక్కి వస్తుంది, కుడికి తిప్పితే తారుమారు. అంటే రెండు చక్రాలకూ రెండు వైపులా ఖాళీ కావాలి. 30 డిగ్రీల దగ్గర కొలిస్తే టైరు మూల బండి కొలతల్లో ఇరుసు నుంచి దాదాపు 450 మి.మీ. దూరం వచ్చి ఉంటుంది, 405 కాదు. బురదకు, రాళ్లకు ఇంకో 50 వదలండి. 500 అయింది. డ్రైవర్ పెడళ్లు ఇరుసుకు 500 మి.మీ. వెనక నుంచే మొదలవ్వాలి, మిల్లీమీటరు కూడా ముందుకు రాకూడదు. అక్కడి నుంచి నిటారుగా కూర్చున్న మనిషి నడుముకు మరో 800. సీటు ఎక్కడుండాలో మీ ఇష్టం కాదు, టైరు చెప్పేసింది.

నా మొట్టమొదటి పోటీలో నేనూ ఇక్కడే బోల్తా పడ్డాను. వెనక తొట్టి పెద్దగా కనపడాలని సీట్లు ముందుకు జరిపాను. బొమ్మ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. జడ్జి మారుమాట్లాడకుండా జేబులోంచి అట్టముక్క తీసి, సూది గుచ్చి తిప్పాడు. అది సరిగ్గా క్లచ్ పెడల్ మీద ఆగింది. ఆ రోజు నుంచి నా డబ్బాలో సూదులు అయిపోలేదు.

అదే అట్టముక్క లోపలికీ పోతుంది, అది మర్చిపోవద్దు. 30 డిగ్రీల దగ్గర దాని మూల కాగితం మీద సూది నుంచి 20 మి.మీ. లోపలికి, అంటే మధ్యగీతకు 40 దాకా వస్తుంది. ఛాసిస్ పట్టెలు, కమాన్ పట్టీలు 38 దాటి బయటికి రాకూడదు. పాత బండ్ల ఛాసిస్ ఎందుకంత ఇరుగ్గా ఉంటుందో ఇప్పుడు అర్థమవుతుంది. 35 అంగుళాల ఎత్తు, 12.5 అంగుళాల వెడల్పు టైరే కావాలని మొండికేసేవాళ్లు ఇదే పరీక్ష దానితో చేయండి. మూల బండి కొలతల్లో ఇరుసు నుంచి 540 మి.మీ. దాటుతుంది, పెడళ్లు వెనక్కి, సీటు వెనక్కి, తొట్టి మాయం.

తిరగడం అయింది, ఇక ఎగరడం. పక్క నుంచి చూసిన బొమ్మలో టైరును 80 మి.మీ. పైకి జరిపి ఇంకో గుండ్రం గీయండి. మడ్‌గార్డ్ కోత దానికీ 40 పైన ఉండాలి. ముందు నుంచి చూసిన బొమ్మలో ఒక చక్రం 80 పైకి, రెండోది 80 కిందికి పెట్టండి. ఇరుసు ఒకటే కడ్డీ కాబట్టి మొత్తం వాలుతుంది, దాదాపు 6.5 డిగ్రీలు. పైకెళ్లిన టైరు తల 45 మి.మీ. లోపలికి ఒరుగుతుంది. లోపలి రేకుకు తగిలితే రేకు జరపండి, టైరు చిన్నది చేయకండి.

ఇరుసు పైకొస్తే దాని మీది డిఫరెన్షియల్ గుండు (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల డబ్బా) కూడా వస్తుంది, దాని నెత్తి మీద ఇంజన్ ఆయిల్ చాంబర్ ఉంటుంది. అందుకే గుండును ఒక పక్కకు పెడతారు, ఇంజన్‌ను కాస్త పైకెత్తుతారు, బానెట్ ఎత్తవుతుంది. బానెట్‌ను స్పోర్ట్స్ కారులా వాల్చి గీసినవాళ్లను ఇంజన్ ఎక్కడ పెట్టారని అడిగితే నవ్వుతారు.

పై రేకు

ఈ గీతలన్నీ నిలబడ్డాక బాడీ దానంతటదే వస్తుంది. అద్దాలు బల్లపరుపు. తలుపు బందులు బయటికి కనపడాలి. టాప్ అంచున వాన నీటి గాడి. బంపర్ ఒక తిన్నని ఇనప పట్టె, టైరు కన్నా బాగా ముందుకు పొడుచుకు రాకూడదు. గ్రిల్‌కు నిలువుగా ఏడు గీతలు మాత్రం పెట్టకండి, అది 1945 నాటి సీజే-2ఏ మోడల్ నుంచి జీపు సొంత ముద్ర. ముందు చక్రాల నడిబొడ్డున లాకింగ్ హబ్ (చక్రాన్ని ఇరుసు షాఫ్టుకు కలిపే, విడదీసే మూత) గీస్తే నాకు ముచ్చటేస్తుంది. వార్న్ కంపెనీ అవి 1948లోనే తెచ్చింది, కాబట్టి 1967కు నిక్షేపంగా నప్పుతుంది. వించ్ (దిగబడ్డ బండిని తాడు చుట్టి లాగే యంత్రం) సర్వే బృందానికి అవసరమే, ఉంచండి. పశువుల డాక్టరుకైతే తీసేయండి.

రంగు ఒకటే, టాప్ తెలుపు. తుప్పు మరకలు గీయకండి, మీది షోరూమ్ బొమ్మ.

పేరు, చివరి కాగితం

కంపెనీ పేరు ఇప్పుడు పెట్టండి. చాలామంది ఇరుసు గీయకముందే పేరు, లోగో, నినాదం అన్నీ తయారు చేసుకొస్తారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పేరు రెండు మూడు అక్షరాల్లో, తొట్టి వెనక తలుపు మీద పెద్దగా పడేలా ఉంటే చాలు.

పోటీకి ఇచ్చేది మూడు కాగితాలు. పక్క నుంచి కొలతలతో ఒకటి, మూలగా రంగుల్లో ఒకటి, మూడోది ప్లాన్. మూడోదాన్ని శుభ్రంగా తిరగగీసి ఇద్దామనుకోకండి. సూది పొడిచిన చిల్లులు, తిప్పిన పెన్సిల్ గీతలు అన్నీ ఉన్న ఆ మురికి కాగితాన్నే ఇవ్వండి. నేను మొదట చూసేది దాన్నే.